మెగావాట్లు సరే మంత్రి గారూ, వోల్టేజ్ మార్జిన్ ఎంత?

విద్యుత్ శాఖ మంత్రి గారికి నమస్కారం.

డిమాండ్ పెరిగే రోజులు రాగానే మీ శాఖ నుంచి వినిపించే మాట ఒకటే: కావాల్సినన్ని మెగావాట్లు ఉన్నాయి, కొరత రాదు. నేనడిగేది ఆ అంకె గురించి కాదు. అంత కరెంటు దూరం నుంచి లైన్ల మీద వస్తుంటే ఈ కొసన వోల్టేజ్ నిలబడుతుందా, ఇంకెంత లోడు పెరిగితే కూలిపోతుంది (ఆ మిగిలిన దూరమే వోల్టేజ్ మార్జిన్), ఆ లెక్క ఎవరైనా కడుతున్నారా?

1987 జులై 23న టోక్యోలో జరిగింది మీ అధికారులకు తెలిసే ఉంటుంది. పిడుగు పడలేదు, లైను తెగలేదు. భోజనాల వేళ అయిపోయాక ఏసీల లోడు ఒక్కసారిగా ఎక్కింది, నిమిషానికి సుమారు 400 మెగావాట్ల చొప్పున. వోల్టేజ్ నిలబెట్టడానికి ఉన్న పరికరాలు, కెపాసిటర్లన్నీ ఆన్ చేసినా 500 కిలోవోల్టుల వ్యవస్థలో వోల్టేజ్ కొన్నిచోట్ల 370 దాకా జారిపోయి, దాదాపు 28 లక్షల కనెక్షన్లకు సరఫరా ఆగింది.

ఇందులో అసలు టెన్షన్ పెట్టే సంగతేమిటంటే, కూలే ముందు దాకా కంట్రోల్ రూమ్ స్క్రీన్ మీద వోల్టేజ్ బాగానే కనిపిస్తుంది, ఎందుకంటే కెపాసిటర్లు దాన్ని ఎత్తి పట్టుకుని ఉంటాయి. కానీ ఒక్కసారి జారడం మొదలైతే అవే చేతులెత్తేస్తాయి. వోల్టేజ్ 10 శాతం తగ్గితే కెపాసిటర్ ఇచ్చే రియాక్టివ్ పవర్, అంటే వోల్టేజ్‌ని నిలబెట్టే పవర్, 19 శాతం పడిపోతుంది. అదే సమయంలో కింది సబ్‌స్టేషన్లలో ట్రాన్స్‌ఫార్మర్ల ట్యాప్ ఛేంజర్లు, తమ పని తాము చేస్తూ, వినియోగదారుల వైపు వోల్టేజ్ పెంచుతాయి, దాంతో వోల్టేజ్ పడినందువల్ల తగ్గిన లోడు మళ్లీ పెరిగి పై లైన్ల మీదే పడుతుంది. పోనీ రియాక్టివ్ పవర్‌ని వేరే మూల నుంచి తెప్పిద్దామా అంటే అది అంత దూరం ప్రయాణించదు. ఫ్రీక్వెన్సీ గ్రిడ్ అంతటా దాదాపు ఒకటే, వోల్టేజ్ సమస్య మాత్రం ఎక్కడికక్కడిదే.

కాబట్టి ఇప్పుడు వోల్టేజ్ ఎంతుందో చూస్తే సరిపోదు, అంచు ఎంత దూరంలో ఉందో చూడాలి. కంప్యూటర్‌లో లోడు కొంచెం కొంచెం పెంచుతూ పోయి, ఎక్కడ వ్యవస్థ నిలబడదో పట్టుకోవాలి. ఆ తర్వాత ఒక ముఖ్యమైన లైను పోయినట్టు, ఒక పెద్ద జనరేటర్ ఆగినట్టు అనుకుని మళ్లీ అదే లెక్క. పద్ధతి కొత్తదేం కాదు.

కొత్తదల్లా గ్రిడ్. లోడు అత్యధికంగా ఉండే ఒక్క రోజుకి మాత్రం లెక్క కట్టి, దాన్నే ఏడాదంతా ఫైల్లో పెట్టుకునే కాలం పోయింది, సోలార్ పుణ్యమా అని మధ్యాహ్నానికీ సాయంత్రానికీ గ్రిడ్ రూపమే మారిపోతోంది. ప్రమాదం రెండో వైపు నుంచి కూడా రావచ్చు: 2025 ఏప్రిల్ 28న పట్టపగలు స్పెయిన్, పోర్చుగల్ చీకటైంది వోల్టేజ్ పడిపోయి కాదు, పెరిగిపోయి. అప్పుడు అక్కడ సోలార్, విండ్ ప్లాంట్లు చాలావరకు స్థిరమైన పవర్ ఫ్యాక్టర్‌తో, అంటే రియాక్టివ్ పవర్ పాలు మార్చకుండా, నడిచేవి; వోల్టేజ్ ఎటు పోతున్నా సరిదిద్దే పని వాటిది కాదు. అప్పటి నియమాలు అలా ఉండేవి మరి! ఆ ప్లాంట్ల కరెంటును గ్రిడ్‌కు తగ్గట్టు మార్చే ఇన్వర్టర్లకు ఆ సామర్థ్యం ఉంది, వాడమని చెప్పేవాళ్లే లేకపోయారు.

మీరు చేయించాల్సినవి పెద్ద ఖర్చుతో కూడినవి కావు. గ్రిడ్‌ను నడిపే లోడ్ డిస్పాచ్ సెంటర్లలో ఈ వోల్టేజ్ స్టెబిలిటీ లెక్క కొద్ది నిమిషాలకోసారి, గ్రిడ్ వోల్టేజ్‌ని ఎప్పటికప్పుడు కొలిచే ఫేజర్ యూనిట్ల నుంచి వచ్చే తాజా కొలతలతో నడవాలి. బలహీనమైన సబ్‌స్టేషన్లు ఏవో, వాటి మార్జిన్ ఏ గంటలో ఎంతకు పడిందో ప్రతి నెలా బయటపెట్టండి. పెద్ద సోలార్, విండ్ ప్లాంట్లు వోల్టేజ్ నియంత్రణలో పాల్గొనాలని ఆదేశించండి, అందుకు డబ్బూ ఇవ్వండి, ఊరికే చేయమంటే ఎవరూ చేయరు. కన్సల్టెంట్ల చేత మరో లావుపాటి నివేదిక మాత్రం రాయించకండి.

ఇంకొకటి. వోల్టేజ్ బాగా పడినప్పుడు కొన్ని ఫీడర్లను (ఊళ్లకు, వీధులకు వెళ్లే లైన్లను) వాటంతటవే కట్ చేసే రిలేలు మీ సబ్‌స్టేషన్లలో ఉంటే, వాటి సెట్టింగులు ఏ ఏటి లెక్కలతో పెట్టారో అడగండి. ఇళ్ల మీద సోలార్ ఎక్కువైన ఫీడర్ మధ్యాహ్నం పూట లోడు కాదు, తిరిగి గ్రిడ్‌కే కరెంటు పంపుతుంటుంది. అలాంటిదాన్ని కట్ చేస్తే ఉన్న ఇబ్బంది ఇంకా పెరుగుతుంది. ఏ ఫీడర్లను కట్ చేయాలనే జాబితాని ముందు సరిచేయించండి.

ఇట్లు,
ఒక విద్యుత్ వినియోగదారు