పాతకాలం కథల్లో ఈ కాలం మనుషులు

సంపాదకులు గారికి,

మన ఉత్తరాంధ్ర పాత రోజుల మీద వచ్చే కథల గురించి ఈ ఉత్తరం. చాలావాటిలో లాంతరు, ఎడ్లబండి, అణా కాసులు ఉండవలసిన చోటే ఉంటాయి. కథానాయిక మాత్రం ఇప్పుడే సెల్‌ఫోను పక్కన పెట్టి వచ్చినట్టు మాట్లాడుతుంది.

పైపై తప్పులు దిద్దడం తేలికే. 1942లో 'శ్రీకాకుళం జిల్లా కలెక్టరు' ఉండడు. ఆ జిల్లా 1950లో విశాఖపట్నం జిల్లా నుంచి విడివడింది, విజయనగరం జిల్లా 1979లో వచ్చింది. రూపాయికి నూరు పైసలన్న లెక్క 1957 ఏప్రిల్ నుంచి. కిలోలు ఆ తరవాత వచ్చాయి, అంతవరకూ వీశెలు, మణుగులు, కుంచాలే. ఒక పూట కూర్చుంటే ఇవన్నీ సరిపోతాయి.

చిక్కంతా మనిషి దగ్గర. కళింగపట్నం వైపు ఒక ఇల్లాలి కథ అనుకుందాం. మగడు బర్మాలోని రంగూన్‌లో కూలి. 1941 డిసెంబరు 23న రంగూన్ మీద బాంబులు పడ్డాయి, మార్చికల్లా ఊరు జపాను వశమైంది. ఇక్కడ రచయిత 'రెండో ప్రపంచ యుద్ధం భీకరంగా సాగుతున్న రోజులవి' అని మొదలుపెడతాడు. ఆ పేరా కొట్టెయ్యాలి. ఆమెకు తెలిసిన యుద్ధమల్లా మనియార్డరు రాకపోవడం. వచ్చిన పాత ఉత్తరమైనా బడిపంతులో కరణమో చదివి పెట్టాలి, అంటే ఆమె గుట్టు వీధికి తెలిసిపోతుంది. బర్మా నుంచి అరకాన్ దారిన నడిచి వచ్చినవాడెవడో ఒక మాట చెబుతాడు, ఇంకొకడు దానికి అడ్డం చెబుతాడు. ఏప్రిల్ 6న విశాఖ మీదా బాంబులు పడ్డాయని వినేసరికి ఆ రెండు మాటల్లో దేన్ని నమ్మాలో ఆమె తేల్చుకోవాలి. ఉమ్మడి భూమి తాకట్టు పెట్టాలంటే పెత్తనం బావగారిది. ఈ ఇరుకులో ఆమె ఏం చేస్తుందన్నదే కథ.

ఇటువంటి చోటే కొందరు ఆమె ఆడపడుచు చేత 'పుట్టింటి ఆస్తిలో నా వాటా నాకివ్వండి, కోర్టుకెక్కుతా' అనిపిస్తారు. తండ్రి ఆస్తిలో కొడుకులతో పాటు కూతురికీ హక్కు 1956 హిందూ వారసత్వ చట్టంతో వచ్చింది. ఉమ్మడి ఆస్తిలో కొడుకుతో సమాన వాటా మన రాష్ట్రంలో 1986 సవరణతో వచ్చింది. 1942లో ఆమె అడగగలిగింది తిండి, పసుపుకుంకాల కింద ఇంత భూమి చెక్క, లేదా తల్లి నగ. ఆ అడగడంలో ఉన్న తెగువ కోర్టు డైలాగులో ఉండదు.

దీనికి ఎదురు తప్పూ ఉంది. కాలం పేరు చెప్పి ఆమెను నోరులేని బొమ్మను చెయ్యడం. ఏ కాలంలోనైనా సందులుంటాయి. విజయనగరం గురజాడ వారి 1910 నాటి 'దిద్దుబాటు' కథలో భార్య చేతికొచ్చిన చదువునే వాడుకుంది, మగడికి ఉత్తరం రాసి పెట్టింది. చదువు రాని ఆడవాళ్ల కథలో ఆ సందు మేనమామ కావచ్చు, రచ్చబండ కావచ్చు, వీధిలో నిలబడి పెట్టే శాపనార్థాలు కావచ్చు.

రాయబోయేవారు ముందుగా కాగితం మీద మూడు సంగతులు పెట్టుకుంటే మేలు: ఆ ఏడు ఈ మనిషి ఎవరినీ అడగకుండా చెయ్యగలిగేవి, తనకు తెలిసినవి ఎవరి నోటి ద్వారా తెలిశాయో, తను నమ్మి తరవాత తప్పని తేలేది ఒకటి. మూడోదాన్ని ఎవరూ రాసుకోరు, కథకు బిగువు దాంతోనే వస్తుంది. ఇరవై వివరాలు పోగేసినా పది పేజీల కథకు రెండు మూడు చాలు. రాశాక సంవత్సరం కొట్టేసి చదవండి. ఆమె నిర్ణయం ఈనాటికీ అలాగే చెల్లితే మళ్లీ మొదటికి రావాలి.

ధరలు, ప్రకటనలు, ఆనాటి మాట తీరు పాత పత్రికల్లో దొరుకుతాయి. కాళీపట్నం రామారావు గారు 1997లో శ్రీకాకుళంలో నెలకొల్పిన కథల గ్రంథాలయం, కథానిలయం, ఇందుకు మంచి చోటు. కథలతో పాటు పక్క పేజీల ప్రకటనలూ చూడాలి, అసలు సరుకు అక్కడే ఉంటుంది.

మీ పత్రిక కథల పోటీ ప్రకటనలో ఒక్క నిబంధన చేర్చండి: కథ ఏ ఏట, ఏ తాలూకాలో జరుగుతుందో రచయిత విడి కాగితం మీద రాసి పంపాలి. తాలూకాలు పోయి మండలాలు వచ్చింది 1985లో కనుక, మండలమని రాస్తే ఆ తరవాతి కథేనా అని న్యాయనిర్ణేతలు అక్కడే అడగవచ్చు.

— ఒక కథా పాఠకుడు, శ్రీకాకుళం