ఆ ఈక్వల్ గుర్తు తీసేయండి సార్

సంపాదకుల వారికి నమస్కారం.

మీ పేపర్లో విద్యార్థుల పేజీలో రోజూ ఇంగ్లిష్ పదాల బాక్స్ ఒకటి వేస్తున్నారు. మంచిదే, నేనూ చూస్తాను, కత్తిరించి దాచుకున్నవి కూడా చాలానే ఉన్నాయి. కానీ ఒక మాట పక్కన ఈక్వల్ గుర్తు పెట్టి ఇంకో నాలుగు మాటలు వరసగా పేర్చేస్తున్నారు చూడండి, నా గొడవంతా దానితోనే. మొన్న డౌట్ ఈక్వల్ టు సస్పెక్ట్ అని వేశారు. అది చూశాక ఇక ఉత్తరం రాయకుండా ఉండలేకపోయాను.

"ఐ డౌట్ హి టుక్ ది మనీ" అంటే అతను డబ్బు తీశాడంటే నేను నమ్మను అని. "ఐ సస్పెక్ట్ హి టుక్ ది మనీ" అంటే తీసింది అతనే అయ్యుంటాడని నా అనుమానం అని. మొదటి వాక్యం మనిషిని వదిలేస్తోంది, రెండోది పట్టుకుంటోంది. ఇంత తేడా ఉన్న మాటల మధ్య ఈక్వల్ గుర్తా! పొరపాటు ఎక్కడినుంచి వస్తోందో కూడా తెలుస్తూనే ఉంది. మనకి రెండింటికీ అనుమానమే. "వాడు వస్తాడో రాడో అనుమానమే" అన్నా అదే మాట, "వాడే తీశాడని నా అనుమానం" అన్నా అదే మాట. తెలుగులో ఆ వస్తాడో రాడో, తీశాడని అనే ముక్కలు తేడా చెప్పేస్తాయి కాబట్టి మనకి ఇబ్బంది రాదు. ఇంగ్లిష్‌లో ఆ బరువంతా క్రియ మీదే పడుతుంది, అది తప్పితే అర్థం తలకిందులే.

ఈ డౌట్ దగ్గర నేను స్వయంగా దెబ్బ తిన్నాను. ఉద్యోగంలో ఉన్నప్పుడు, వేరే దేశంలో ఉండే ఒకావిడ పంపిన లెక్కల పట్టికలో ఒక కాలమ్ అర్థం కాక, "ఐ హావ్ సమ్ డౌట్స్ అబౌట్ యువర్ ఫిగర్స్" అని మెయిల్ పెట్టాను. క్లాసులో చెయ్యెత్తి "సార్, డౌట్" అని అడగడం అలవాటు కదా, నాకో చిన్న సందేహం ఉంది, తీరుస్తారా అని నా ఉద్దేశం. ఆవిడకి మాత్రం "మీ అంకెల మీద నాకు నమ్మకం లేదు" అని వినిపించింది. మర్నాడు పొద్దున్నకల్లా ప్రతి అంకె ఎక్కడినుంచి వచ్చిందో వివరిస్తూ ఇంత పొడుగు జవాబు, దాని కాపీ మా మేనేజర్‌కి. వారం రోజులు టెన్షన్. "ఐ హావ్ ఎ క్వశ్చన్" అని రాసి ఉంటే రెండు నిమిషాల్లో తేలిపోయేది. డౌట్, క్వశ్చన్ రెండూ మనకి సందేహమే, అక్కడే బోల్తా పడ్డాను.

అసలు ఇంగ్లిష్‌లో ఒకే పనికి ఇన్ని మాటలెందుకు అంటే, దాని వెనక చరిత్ర ఉంది. 1066లో నార్మన్లు ఇంగ్లండ్‌ని గెలిచాక రాజుగారి కొలువులోకి, కోర్టుల్లోకి ఫ్రెంచ్ వచ్చి కూర్చుంది. కోర్టు వాదనలు ఇంగ్లిష్‌లోనే జరగాలని చట్టం చేసుకోవడానికి ఇంగ్లండ్ వాళ్ళకి 1362 దాకా పట్టింది. చర్చిలో, పండితుల రాతల్లో లాటిన్ ఎలాగూ ఉంది. కొత్త మాట వచ్చిందని పాతది పోలేదు, ఒకదానిమీద ఒకటి పొరలుగా ఉండిపోయాయి. ఆస్క్ పాత ఇంగ్లిష్ మాట, క్వశ్చన్ ఫ్రెంచ్ నుంచి, ఇంటరాగేట్ లాటిన్ నుంచి. మూడూ అడగడమే, కానీ బరువు వేరు.

ఇది మనకి కొత్తేమీ కాదండీ. అడగడం, ప్రశ్నించడం, విచారించడం మన దగ్గరా లేవూ? ఇంటికెప్పుడొస్తావని భార్యని అడుగుతాం, ప్రశ్నించం. (ప్రశ్నిస్తే ఏమవుతుందో మీకూ తెలిసే ఉంటుంది.) నీళ్ళు తాగుతాం, జలం తాగం, అయినా జలపాతాన్ని నీళ్ళపాతం అనం. ఈ వివేకం ఎవరూ నేర్పకుండానే మనకుంది, దాన్ని పిల్లలకి గుర్తుచేసి అక్కణ్ణుంచి ఇంగ్లిష్‌లోకి తీసుకెళ్ళమనే నేను చెప్పేది.

ఇంకో రకంగా చూడండి. తెలుగు నేర్చుకుంటున్న ఒక ఇంగ్లిష్ ఆయనకి ఎవరో ఇలాంటి బాక్సే ఇచ్చారనుకుందాం: వాష్ ఈక్వల్ టు కడుగు, ఉతుకు, తోము. ఆయన మర్నాడు వచ్చి "చేతులు ఉతుక్కున్నాను, చొక్కా తోమాను" అంటాడు. ఇంకో రోజు బ్రేక్ అనే మాటకి విరుగు, పగులు, తెగు అని ఇస్తే "దారం విరిగింది, కర్ర తెగిపోయింది, అద్దం విరిగింది" అంటాడు. మనం నవ్వుతాం. మన ఇంగ్లిష్ చదివి వాళ్ళూ లోపల అలాగే నవ్వుకుంటుంటారు, పైకి చెప్పరంతే.

ఆరు నెలలు సావాసం చేస్తే వారు వీరవుతారంటారు. మాట సంగతీ అంతే, పక్కన ఏయే మాటలుంటాయో చూస్తేగానీ దాని గుణం తెలియదు. జె. ఆర్. ఫర్త్ అనే బ్రిటిష్ భాషావేత్త 1957లో ఈ మాటే చెప్పాడు. వర్షం హెవీ అవుతుంది, గాలి స్ట్రాంగ్ అవుతుంది, అటుదిటు చేసి స్ట్రాంగ్ రెయిన్ అంటే గ్రామర్ తప్పు కాదు, కానీ ఎవరూ అలా అనరు. మనిషి టాల్, కొండ హై. ఎందుకని అడిగితే కారణం చెప్పడం కష్టం, ఆ జతలు అలా కుదిరాయి, జతగానే నేర్చుకోవాలి. మీ బాక్స్‌లో మాత్రం మాట ఒంటరిగా నిలబడి ఉంటుంది.

థెసారస్ చూసుకోమని చెప్పేవాళ్ళున్నారు. 1852లో రోజే అనే డాక్టరు వేసిన ఆ పుస్తకంలో మాటలకి అర్థాలు ఉండవు, ఒక భావానికి దగ్గరగా ఉన్న మాటలన్నీ ఒకచోట ఉంటాయి, అంతే. మాట తెలిసి ఉండి నోటికి రానివాడికి అది వరం. తెలియనివాడు అందులోంచి గొప్పగా కనిపించిన మాట ఏరుకుంటే స్లిమ్ అనాల్సిన అమ్మాయిని స్కిన్నీ అని, ఫేమస్ అనాల్సిన పెద్దాయన్ని నొటోరియస్ అని కూర్చుంటాడు. పెద్దమనిషిని పేరుమోసిన మనిషి అన్నట్టు!

అలాగని ప్రతి జతకీ తేడా వెతుక్కుంటూ కూర్చోమనడం లేదు. బిగిన్, స్టార్ట్ చాలాచోట్ల ఏది వాడినా ఒకటే, కారు మాత్రం స్టార్ట్ అవుతుంది, బిగిన్ అవదు. ఆ ఒక్క వాక్యం చాలు. కమెన్స్ అనేది నోటీసుల్లో ఉండే మాట, స్నేహితుడికి మెసేజ్‌లో రాస్తే నవ్వొస్తుంది.

కాబట్టి నా మనవి. రోజుకి అయిదు మాటలు వద్దు, రెండు చాలు, ఒక్కో మాటకి ఒక్కో వాక్యం. ఉదాహరణకి మిస్టేక్, ఫాల్ట్ తీసుకోండి. రెండూ తప్పే. స్పెల్లింగ్‌లో దొర్లింది మిస్టేక్, దానికి బాధ్యులెవరంటే ఫాల్ట్ వస్తుంది. "దేర్ ఈజ్ ఎ మిస్టేక్ ఇన్ ది బిల్", "ఇట్ ఈజ్ మై ఫాల్ట్". క్షమాపణ ఉత్తరాల్లో తెలివైనవాళ్ళు మిస్టేక్ అని రాసి ఊరుకుంటారు, ఫాల్ట్ దాకా రారు, గమనించండి. పక్క రోజుకి బారో (అప్పు తీసుకోవడం), లెండ్ (అప్పు ఇవ్వడం) వేయండి, రెండింటినీ అప్పుతోనే సరిపెట్టుకునేవాళ్ళం కాబట్టి అది చాలామందికి పనికొస్తుంది.

వాక్యాలు వేస్తే జాగా చాలదంటారేమో, ఆ బాక్స్‌లో మూలన కళ్ళజోడు పెట్టుకున్న గుడ్లగూబ బొమ్మ రోజూ అదే వేస్తున్నారు కదా, దాన్ని తీసేస్తే రెండు వాక్యాలు సుఖంగా పడతాయి, నేను స్కేలు పెట్టి కొలిచి మరీ చెప్తున్నాను.

ఇట్లు,
మీ పాత పాఠకుడు