22కీ 23కీ మధ్య

ఒరేయ్ బావా,

ఎలా ఉన్నావ్? ఫోన్‌లో అయితే సగమే చెబుతానని రాస్తున్నా. కీబోర్డు మీద నేర్చుకుంటున్న ఆ బాఖ్ ప్రెల్యూడ్, అదే ఆ చిన్న రచన, నాకు వచ్చేసింది రా! సి మేజర్‌లోది, 1722 నాటి 'వెల్ టెంపర్డ్ క్లావియర్' అనే ఆయన రచనల సంపుటిలో మొట్టమొదటిది. కాగితం చూడకుండా, మొదటి నుంచి చివరిదాకా.

ఉన్నవి 35 బార్లే (బార్ అంటే మన తాళంలో ఆవర్తనం లాంటిది). చివరి మూడూ తప్ప ప్రతి బార్‌లోనూ ఎనిమిది నోట్ల, అంటే స్వరాల, వరస ఒకటే రెండుసార్లు వస్తుంది. ఎడమ చేతికి రెండు, కుడి చేతికి మూడు, ఆ మూడే మళ్లీ ఇంకోసారి. తేలికే అనుకుని రోజూ పైనుంచి కిందికి వాయించుకుంటూ పోయాను. పదిహేను రోజుల్లో వచ్చింది, కానీ వేళ్లకే వచ్చింది. మొన్న క్లాసులో నలుగురి ముందు కూర్చుంటే 22వ బార్ దాటగానే చెయ్యి ఆగిపోయింది. మళ్లీ మొదటి నుంచి ఎత్తుకున్నా. మళ్లీ అక్కడే. ఆ రాత్రి నిద్ర పట్టలేదు రా.

మర్నాడు కీబోర్డు ముట్టుకోకుండా, పుస్తకం ఒళ్లో పెట్టుకుని ఎడమ చిటికెన వేలు నొక్కే నోట్లు మాత్రం చదివాను. 22లో ఎఫ్ షార్ప్, 23లో ఎ ఫ్లాట్, 24లో జి. జి మెట్టుకి కింద ఒకసారి, పైన ఒకసారి తాకి, అప్పుడు దాని మీద వాలుతుంది. వాలాక ఎనిమిది బార్లు కదలదు! పైన కార్డులు, అంటే కలిసి మోగే స్వరాల గుంపులు, మారుతున్నా అడుగున అదే జి, తంబురా శ్రుతిలా. ఎంత అందంగా కట్టాడో చూడు.

ఇంకో సంగతి. గునో అనే స్వరకర్త ఇదే ప్రెల్యూడ్ మీద 'ఆవే మరియా' కట్టాడు కదా, క్రిస్మస్‌కి చర్చిలో మనం విన్నదే. అందులో సరిగ్గా 22కీ 23కీ మధ్య ఒక బార్ ఎక్కువ ఉంటుంది. అది బాఖ్ రాసింది కాదు, శ్వెంకే అనే ఆయన చేర్చిందని అంటారు. నా చెవి ఇన్నాళ్లూ ఆ బార్ కోసమే చూస్తోంది, వేళ్లకేమో అది తెలీదు. ఈ మాట తెలిశాక టెన్షన్ సగం పోయింది.

అప్పటి నుంచి నాలుగేసి బార్లే, అదీ వెనక నుంచి. ముందు 32 నుంచి 35, తర్వాత 28 నుంచి. చివరి మూడూ తప్ప ఒక్కో బార్‌లోని ఐదు నోట్లూ ఒకేసారి నొక్కి, పేర్లు పైకి చెప్పి, అప్పుడే విడదీసి వాయించడం. లయ కొట్టే మెట్రోనోమ్‌ని నిమిషానికి 50 దెబ్బలు దాటనివ్వలేదు. మన సంగీతం మాస్టారు మొదటి కాలం కుదరందే రెండో కాలం ముట్టనిచ్చేవారు కాదు, గుర్తుందా? అప్పుడు విసుక్కునేవాళ్లం. ఇప్పుడు ఆయన దగ్గరకెళ్లి దణ్ణం పెట్టాలనిపిస్తోంది.

ఇప్పుడు మీ చెల్లెలు వంటింట్లోంచి "పదిహేడు!" అంటే పదిహేడు నుంచి ఎత్తుకుంటున్నా. సంక్రాంతికి వస్తావుగా, ఈసారి నంబరు నువ్వు చెప్పు.

నీ
బావ