అన్నం తగ్గించుకో, బంతిని మాత్రం వదులుకోవద్దు

తిరుపతి,
మంగళవారం.

చిరంజీవి సౌభాగ్యవతి హేమకు అమ్మ ఆశీర్వదించి రాస్తున్నది. ఇక్కడ అందరం క్షేమం. అక్కడ అల్లుడుగారు, నువ్వు, పాప క్షేమమని తలుస్తాను.

పెద్దనాన్న కొడుకు పెళ్లికి రాలేనని నువ్వు మొన్న ఫోనులో చెప్పినప్పుడు సెలవు దొరకలేదేమో అనుకున్నాను. "సెలవు కాదమ్మా, బంతిలో కూర్చోగానే అందరి కళ్లూ నా ఆకు మీదే ఉంటాయి, అన్నం ఎందుకు వద్దంటున్నానో ఒక్కొక్కరికీ చెప్పే ఓపిక నాకు లేదు" అన్నావు. పక్కన అవ్వ ఉండడంవల్ల అప్పుడు ఏమీ అనలేదు కానీ, ఆ మాట నన్ను చాలా బాధపెట్టింది. అన్నం తగ్గించుకోవడంలో నేను పూర్తిగా నీ పక్షమే. దాని కోసం నలుగురితో కలిసి తినే బంతిని వదులుకోవడం మాత్రం నాకు సమ్మతం కాదు. ఎందుకు కాదో తీరిగ్గా చెప్పాలనే ఈ ఉత్తరం.

నువ్వు చేస్తున్నది సరదాకో, అందానికో చేస్తున్న పని కాదు. పాప కడుపులో ఉన్నప్పుడు నీకు షుగరు వచ్చి, కాన్పు తర్వాత తగ్గింది. అలా వచ్చి తగ్గినవారికి తరువాతి కాలంలో అది శాశ్వతంగా వచ్చే ప్రమాదం మిగతావారికంటే చాలా ఎక్కువ. హెచ్‌బీఏ1సీ (గత మూడు నెలల సగటు చక్కెరను చూపే రక్తపరీక్ష) 5.7 చేరితే షుగరు హద్దులోకి అడుగుపెట్టినట్టు, 6.5 చేరితే జబ్బు వచ్చినట్టు లెక్క, నీకు 6.2 వచ్చింది. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) వారి సర్వే ఫలితాలు 2023లో వెలువడినప్పుడు దేశంలో 10.1 కోట్ల మందికి షుగరు ఉందనీ, మరో 13.6 కోట్ల మంది నీలాగా హద్దులో ఉన్నారనీ తేలింది. ఆ లెక్కన పెళ్లి బంతిలో నీ పక్కన కూర్చునేవారిలోనూ ఇలాంటివారు కొందరు ఉండే ఉంటారు. నువ్వు పరీక్ష చేయించుకున్నావు, వాళ్లలో చాలామంది ఇంకా చేయించుకోలేదు.

అన్నం తగ్గించడం పరదేశాల పిచ్చి అని మీ అత్తగారు అన్నారట. మన హైదరాబాదులో ఉన్న జాతీయ పోషకాహార సంస్థే 2024లో ఇచ్చిన సూచనలలో, రోజంతా మనకు అందే శక్తిలో ధాన్యాల వాటా నూటికి 45కు మించకూడదని చెప్పింది. మూడు పూటలా ఇడ్లీ, అన్నం, మళ్లీ అన్నం తినే మన ఇళ్లలో ఆ హద్దు ఎప్పుడో దాటిపోయింది. రోజుకు 100 గ్రాముల లోపు పిండిపదార్థంతో సరిపెట్టుకుంటున్న నువ్వు ఆ సూచనకంటే కూడా బాగా తగ్గించుకున్నావు, నిజమే. అయితే రక్తంలో చక్కెర అదుపుకు అన్నిటికంటే ఎక్కువ ఆధారాలు ఉన్నది మొత్తం పిండిపదార్థాన్ని తగ్గించడానికేనని అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ నిపుణులు 2019లో రాశారు. కనుక నీ పద్ధతికి వైద్యంలో ఆధారం ఉంది, దానికి నువ్వు సిగ్గుపడనక్కరలేదు.

ఇక మన చిత్తూరు వైపు ఏ ఇంటికి వెళ్లినా వినిపించే సలహా ఒకటుంది: అన్నం మానేసి రాగిసంగటి తింటే షుగరు దరిచేరదని. సంగటంటే నాకు ఎంత ఇష్టమో నీకు తెలుసు. నూకలు మెత్తగా ఉడికిన తర్వాత రాగిపిండి పోసి, కాసేపు మగ్గనిచ్చి, ఉండ కట్టకుండా తెడ్డుతో కెలికి, తడిచేత్తో ముద్ద చేసి, దాని నడుమ గుంటలో నెయ్యి వేసి, నాటుకోడి పులుసులో అద్దుకొని తింటే దానికి సాటి వచ్చే భోజనం లేదు. కానీ బడిలో జీవశాస్త్రం చెప్పినదాన్ని కనుక లెక్క కూడా చెప్పాలి. 100 గ్రాముల బియ్యంలో 78 గ్రాముల పిండిపదార్థం ఉంటే, రాగుల్లో 67 గ్రాములు ఉంటుంది. రాగుల్లో పీచు దాదాపు నాలుగింతలు ఉన్నమాట, 364 మిల్లీగ్రాముల కాల్షియం ఉన్నమాట వాస్తవం; ఆ విధంగా అది బియ్యంకంటే మేలైన తిండే. అయినా నూకలు కలిపి చేసిన పెద్ద ముద్ద ఒకటి తిని, రెండు గంటలు ఆగి గ్లూకోమీటరులో చూసుకుంటే నాకు అన్నం తిన్నప్పటి అంకెకు పెద్ద తేడా కనిపించలేదు. అందుకే నిమ్మకాయంత ముద్ద, గిన్నెడు పులుసు అన్నది నా కొలత. చపాతీ సంగతీ అంతే, కొర్రల సంగతీ అంతే. బెల్లం చక్కెర కాదు కదా అనేవారికి మాత్రం, అది చాలావరకు చక్కెరేనని గట్టిగానే చెప్పవచ్చు.

ఈ సలహాలు ఎక్కడి నుంచి వస్తున్నాయో గమనిస్తే నీకు కోపం కొంత తగ్గుతుంది. మంతెన సత్యనారాయణరాజు గారు ఉప్పు, నూనె లేని వంటను ఏళ్ల తరబడి టీవీలో చెప్పారు. 2023లో పద్మశ్రీ ప్రకటించిన ఖాదర్‌వలి గారు సిరిధాన్యాలు తినమంటారు. వీరమాచనేని రామకృష్ణ గారు ధాన్యాలన్నీ ఆపి కొబ్బరినూనె వంటి కొవ్వులు తీసుకోమన్నారు. ఒకరి మాటకు మరొకరి మాట పొసగదు, అయినా ముగ్గురి మాటా విని బాగుపడ్డామనేవారు మన బంధువుల్లోనే ఉన్నారు. నా అంచనాలో, ఈ పద్ధతుల్లో దేనికి మారినా మైదా, బేకరీ తిండి, సీసాల్లోని తియ్యటి పానీయాలు ముందుగా ఇంట్లోంచి వెళ్లిపోతాయి, సగం మేలు అక్కడే జరుగుతుంది. తనకు మేలు చేసినదాన్ని మనిషి ఊరికే వదలడు, తనవాళ్లకూ చెప్పాలనుకుంటాడు. పెద్దత్త నీకు కొర్ర అన్నం గురించి గంటసేపు చెప్పిందంటే అది నిన్ను తప్పుపట్టడం కాదు, తనకు దొరికింది నీకు కూడా దక్కాలన్న ఆశ.

అవ్వ సంగతి వేరుగా రాయాలి, ఎందుకంటే నీ మనసు ఎక్కువగా నొచ్చుకున్నది ఆమె మాటకే. "అన్నం ఒద్దనే కాలం వచ్చిందే" అని ఆమె కళ్లనీళ్లు పెట్టుకోవడం నీకు అతిగా తోచింది. ఆమె చిన్నతనంలో మన సీమ పల్లెల్లో వరి అన్నం పండగకు వండుకునేది. మిగతా రోజులన్నీ సంగటి, అంబలి. 1983లో రామారావు ప్రభుత్వం కిలో రెండు రూపాయలకు బియ్యం ఇచ్చిన తర్వాత గాని ఆమె వంటింట్లో రోజూ అన్నం ఉడకలేదు. తాను ఎదురుచూసి సంపాదించుకున్న దాన్ని మనుమరాలు చేత్తో తోసేస్తే ఆమెకు ఎలా ఉంటుందో ఆలోచించు. ఆమెకు గ్రాముల లెక్క చెప్పి ప్రయోజనం లేదు. నేను చేసేది ఒకటే: రోజూ ఆమెకు నా చేత్తో అన్నం వడ్డించి, ఆమె పక్కనే కూర్చొని, నా కంచంలో ఆకుకూర పప్పు, రెండు కోడిగుడ్లు, కాలమైతే పితికిపప్పు పెట్టుకొని తింటాను. అనపగింజలు నానబెట్టి, ఒక్కొక్క గింజనూ వేళ్లతో నొక్కి తోలు తీసే పని ఇద్దరం కలిసే చేస్తాము. ఇప్పుడు ఆమె నా కంచం గురించి ఏమీ అనదు. మీ అత్తగారితోనూ ఇలాంటి దారే వెతుక్కో. ఆమె చేసే చపాతీ వద్దన్న ప్రతిసారీ నెల్లూరు చేపల పులుసు చేసిపెట్టమని అడుగు, దగ్గర నిలబడి నేర్చుకో. ఆ పులుసు నీ పద్ధతికి ఏ విధంగానూ అడ్డు రాదు. ఆమె చేతి వంటను నువ్వు కోరి అడిగావన్న తృప్తి ఆమెకు మిగులుతుంది.

ప్రసాదం విషయం అడిగావు. కొండమీది లడ్డు 175 గ్రాములు; శనగపిండి, చక్కెర, నెయ్యి, జీడిపప్పు, కలకండ అన్నీ ఉంటాయి. కళ్లకద్దుకొని చిటికెడు నోట్లో వేసుకొని, మిగిలింది పదిమందికి పంచితే స్వామికి లోటు చేసినట్టు కాదు. గంగమ్మ జాతరలో అంబలి పోసినప్పుడు కూడా నేను ఒక గుక్కతో సరిపెట్టుకుంటాను. ప్రసాదాన్ని మాత్రం ఎవరి ముందూ వద్దనకు.

నలుగురూ అనే మాటల్లో వినదగ్గవీ ఉన్నాయి, వాటిని తోసెయ్యకూడదు. కొవ్వు ఎక్కువ తింటే గుండెకు ముప్పని మామయ్య అన్నది ఉత్త మాట కాదు. ఈ తిండితో కొందరికి చెడు కొలెస్ట్రాల్ బాగా పెరుగుతుంది కనుక, మూడు నెలలకొకసారి షుగరుతో పాటు ఆ పరీక్ష కూడా చేయించుకో. నెయ్యి కుమ్మరించుకోవడంకంటే చెనిక్కాయలు, చేపలు, నువ్వులు మేలని నా అభిప్రాయం. మూత్రపిండాల జబ్బు ఉన్నవారు మాంసకృత్తులు పెంచేముందు డాక్టరును అడగవలసిందే. మాత్రల విషయం అన్నిటికంటే ముఖ్యం. నేను అన్నం తగ్గించక ముందే డాక్టరుగారు నా షుగరు మాత్ర గ్లిమిపిరైడ్ మోతాదు తగ్గించారు. మీ చిన్నాయన ఎవరికీ చెప్పకుండా అన్నం మానేసి, ఆ మాత్ర మాత్రం పూర్తిగా వేసుకోవడంతో ఒంట్లో చక్కెర పడిపోయి, చెమటలు పట్టి, బజారులోనే కూలబడ్డాడు. చక్కెరను మూత్రంలోంచి బయటికి పంపే డాపాగ్లిఫ్లోజిన్ రకం మాత్రలు వాడుతూ పిండిపదార్థం బాగా తగ్గిస్తే, మీటరులో అంకె మామూలుగా ఉన్నా రక్తంలో ఆమ్లం పెరిగే ప్రమాదం ఉంది. నీకు ఇప్పుడు మాత్రలు లేవు. రేపు ఎవరైనా రాసినా నువ్వు ఏమి తింటున్నావో ముందుగా వారికి చెప్పు. మొదటి వారంలో తలనొప్పి, నీరసం వచ్చాయన్నావు కదా, పిండిపదార్థం తగ్గి ఒంట్లో ఇన్సులిన్ తగ్గినప్పుడు మూత్రపిండాలు ఉప్పునూ నీటినీ ఎక్కువగా బయటికి పంపుతాయి. ఉప్పు వేసిన పల్చటి మజ్జిగ ఆ రోజుల్లో నాకు బాగా పనికివచ్చింది.

ఇంకొక మాట కూడా చెప్పాలి. మొన్న నీ స్నేహితురాలు ఇడ్లీ తింటుంటే అందులో ఎంత పిండి ఉందో లెక్క చెప్పానన్నావు. అలా చెప్పకు తల్లీ. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంవారు 609 మందిని రెండు గుంపులు చేసి, ఒక గుంపుకు పిండిపదార్థం, మరొక గుంపుకు కొవ్వు తగ్గించి, ఏడాది తర్వాత బరువు చూస్తే రెండు గుంపులకూ చెప్పుకోదగ్గ తేడా రాలేదని 2018లో ప్రచురించారు. బరువు తగ్గడానికి దారులు ఒకటికంటే ఎక్కువ ఉన్నాయి. నీ ఆకులోకి ఎవరూ తొంగిచూడకూడదని కోరుకుంటున్నప్పుడు పక్కవారి ఆకును నువ్వూ చూడకూడదు.

పెళ్లి బంతి విషయానికి వస్తే, నువ్వు వచ్చి నా పక్కన కూర్చో. ఖాళీ ఆకు అందరి కళ్లలోనూ పడుతుంది కాబట్టి గుప్పెడు అన్నం పెట్టించుకో. 50 గ్రాముల అన్నంలో ఉండేది 14 గ్రాముల పిండిపదార్థం, అది నీ రోజు లెక్కలో సులభంగా ఇముడుతుంది, ఆకులో వదిలేసి లేచే పనీ ఉండదు. దాన్ని పప్పుతో, నెయ్యితో కలుపుకొని, కూరలు, వేపుళ్లు, పెరుగు తృప్తిగా తిను. వడ్డించేవారు రెండోసారి అన్నం తెచ్చినప్పుడు చెయ్యి అడ్డం పెట్టి ఊరుకోకుండా, "వంకాయ కూర ఇంకొంచెం వెయ్యి అన్నా" అని అడుగు. వడ్డించే మనిషికి కావలసింది మనం కోరి పెట్టించుకోవడం. ఏమి పెట్టించుకున్నామన్నది అతనికి అంత పట్టింపు కాదు. ఎవరైనా గుచ్చిగుచ్చి అడిగితే "డాక్టరు చెప్పారు పెద్దమ్మా" అని ఒక్క మాట చెప్పి, ఆమె మోకాళ్ల నొప్పి ఎలా ఉందో అడుగు. షుగరు సంగతి చెప్పాలా వద్దా అన్నది నీ ఇష్టం. "ఇంత చిన్న వయసులోనా" అని పదిమంది నోళ్లలో పడడం నీకు ఇష్టం లేకపోతే చెప్పకు, నేనూ చెప్పను.

వచ్చే ఆదివారం నాన్న బెంగళూరు వస్తున్నారు. ఆయనతో చెనిక్కాయల ఊరుబిండి, ఎండబెట్టిన మునగాకు పొడి, కొంచెం వెన్నకాచిన నెయ్యి పంపిస్తున్నాను. నీ రక్తపరీక్షల కాగితాలన్నీ నకలు తీయించి ఆయన చేతికి ఇవ్వు. ఆ తర్వాతి గురువారం నా పరీక్ష కోసం డాక్టరుగారి దగ్గరికి వెళ్లినప్పుడు వాటిని కూడా చూపించి, ఏమన్నారో ఆ రాత్రే ఫోను చేసి చెబుతాను.

ఇట్లు,
మీ అమ్మ