సైకిల్ తొక్కితే విరాళం ఎలా వస్తుంది?

సంపాదకులకు నమస్కారం.

నల్లగొండ నుంచి నాగార్జునసాగర్ వరకు ఇటీవల జరిగిన చారిటీ సైకిల్ యాత్రపై ఒక పాఠకుడు మీ పత్రికకు రాసిన లేఖ చదివాను. సాయం చేయదలచుకున్నవారు ఇంట్లో కూర్చుని డబ్బు పంపితే సరిపోతుందని, అందుకోసం రంగుల టీషర్టులు తొడుక్కుని రోడ్డుకు అడ్డంగా సైకిళ్లు తొక్కడం ఎందుకని ఆయన అడిగారు. ఆ యాత్రలో పాల్గొన్నవాణ్ణి కాబట్టి, పైగా బ్యాంకు ఉద్యోగిగా లెక్కల విషయంలో కాస్త పట్టింపు ఉన్నవాణ్ణి కాబట్టి, జవాబు చెప్పవలసిన బాధ్యత నాకుందనుకుంటున్నాను.

యాత్ర తలసేమియాతో, అంటే తల్లిదండ్రుల నుంచి వంశపారంపర్యంగా వచ్చే ఒక రక్తహీనత జబ్బుతో, బాధపడుతున్న పిల్లల కోసం జరిగింది. ఇందులో నమోదు రుసుము వేరు, విరాళం వేరు. రుసుముగా కట్టిన డబ్బు టీషర్టుకు, అరటిపండ్లకు, నీళ్లకు, మా వెనక వచ్చిన అంబులెన్సుకు పోతుంది. దానితో ఏ పిల్లవాడికీ మందు రాదు. ఈ తేడా నిర్వాహకులు గట్టిగా చెప్పకపోవడం వల్లనే రుసుము కట్టి సైకిల్ తొక్కితే సేవ చేసినట్లేనన్న అభిప్రాయం ఏర్పడుతోంది. అసలు విరాళం యాత్రకు ముందు వారాల్లో మేం తిరిగి పోగుచేయవలసినది. పాల్గొన్న ప్రతి ఒక్కరికీ ఒక పట్టిక ఇచ్చి, తెలిసినవారి దగ్గరికి వెళ్లి, సాగర్ దాకా పోయి వస్తే కిలోమీటరుకు ఎంత ఇస్తారో రాయించుకోమన్నారు. రానూపోనూ 120 కిలోమీటర్లుగా లెక్క కట్టారు కనుక, కిలోమీటరుకు 5 రూపాయలు రాసినవారు మేం తిరిగి వచ్చాక 600 రూపాయలు ఇవ్వాలి. మధ్యలో ఆగిపోతే ఆగిన చోటికే లెక్క. పట్టికలో ఇంకొక గడి కూడా ఉంది. డబ్బు ఇవ్వలేనివారు తమ బ్లడ్ గ్రూపు, ఫోన్ నంబరు, ఏ నెలలో రక్తం ఇవ్వగలరో అందులో రాస్తారు.

ఇంట్లో కూర్చునే డబ్బు పంపవచ్చు కదా అంటే, పంపవచ్చు. కానీ పంపేవారు తక్కువ. అడగందే అమ్మయినా పెట్టదంటారు, అడగడానికి కూడా మన ఊళ్లలో ఒక సందర్భం కావాలి. నవరాత్రులకు, జాతరలకు, మీటింగులకు చందాలు రాసి విసిగిపోయిన దుకాణదారు దగ్గరికి ఉత్తచేతులతో వెళ్లి పిల్లల పేరు చెబితే, ఆయన పదో ఇరవయ్యో ఇచ్చి పంపేస్తాడు. అదే మనిషి, అడగవచ్చినవాడు తెల్లవారుజామున బయల్దేరి సాయంత్రం దాకా తొక్కబోతున్నాడని తెలిస్తే, ఎవరి కోసమని ఒక్క నిమిషం ఆగి వింటాడు. ఆ నిమిషం కోసమే ఇంత హడావిడి.

వినేవారికి మేం చెప్పవలసినది కూడా చిన్నదేమీ కాదు. తీవ్రమైన తలసేమియా ఉన్న పిల్లలకు రెండు నుంచి నాలుగు వారాలకు ఒకసారి రక్తం ఎక్కించాలి, అదీ జీవితాంతం. రక్తం మాటిమాటికీ ఎక్కించడం వల్ల ఒంట్లో ఇనుము పేరుకుని గుండెను, కాలేయాన్ని దెబ్బతీస్తుంది గనుక, దాన్ని బయటికి పంపే మందులు కూడా రోజూ వాడాలి. రక్తానికి డబ్బు తీసుకోకపోయినా మందులు, పరీక్షలు, హైదరాబాద్‌కు బస్సు చార్జీలు, ఆ రోజు పోయిన కూలి ఎవరూ తిరిగి ఇవ్వరు. మేం ఏడాదికొక్కసారి, సరదా కూడా కలుపుకుని తొక్కిన దూరం కంటే ఎక్కువ దూరం ఈ జిల్లా తల్లులు కొందరు బిడ్డను ఒళ్లో పెట్టుకుని మూడు వారాలకోసారి బస్సులో పోయి వస్తున్నారు. ఎర్ర రక్తకణాలను ఐదారు వారాలకు మించి నిల్వ ఉంచలేరు కాబట్టి, ఏదో ఒక జయంతి నాడు వందల మంది ఒకేసారి రక్తం ఇచ్చినందువల్ల ఈ పిల్లలకు ఏడాది పొడుగునా లాభం ఉండదు. కాలేజీలు మూసి, దాతలు తగ్గిపోయే ఎండాకాలంలోనే వారికి కటకట. ఏ నెలలో ఇవ్వగలరో రాసే ఆ గడి అందుకే పెట్టారు. ఈ యాత్ర మొత్తంలో నాకు నచ్చిన ఆలోచన అదే.

హాలియాలో పల్లేరుకాయ గుచ్చుకుని నా వెనక చక్రంలో గాలి దిగిపోయింది. రోడ్డు పక్కన రేకుల షెడ్డులో పంచర్లు వేసే వ్యక్తి ట్యూబును నీళ్ల తొట్టిలో ముంచి, బుడగలు వచ్చిన చోట అగ్గిపుల్ల గుచ్చి గుర్తు పెట్టుకుని, ఆకురాయితో గీకి, సొల్యూషన్ పూసి, అది ఆరేలోపు అచ్చం ఆ పాఠకుడి ప్రశ్నే అడిగాడు: “సైకిల్ తొక్కితే పైసలెట్లొస్తయి సార్?” పట్టిక చూపించి చెప్పాను. పంచరు డబ్బులు ఇవ్వబోతే తీసుకోకుండా, “నా పేర రాస్కోండ్రి” అన్నాడు. బ్లడ్ గ్రూపు తెలియదట. ఫోన్ నంబరు మాత్రం రాయించాడు. పక్కనే కూర్చుని మా మాటలు విన్న ఒక పెద్దావిడ, తన మనుమరాలికి మేనబావతో సంబంధం ఖాయమైందని, ఈ జబ్బు గురించి పెళ్లికి ముందు చేసే ఆ పరీక్షేదో నల్లగొండలో చేస్తారా అని అడిగింది. భార్యాభర్తలిద్దరూ పైకి ఆరోగ్యంగానే ఉండి తలసేమియా వాహకులైతే, అంటే ఆ జబ్బు జన్యువును ఒంట్లో మోస్తున్నవారైతే, ప్రతి కాన్పులోనూ బిడ్డకు తీవ్రమైన జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు ఉంటుంది. మేనరికాల్లో ఆ ఇద్దరూ వాహకులయ్యే ప్రమాదం మామూలు కంటే ఎక్కువ. హెచ్‌బీ ఏ2 అనే రక్తపరీక్ష పెళ్లికి ముందే చేయించుకుంటే సంగతి తెలుస్తుంది. ఈ మాట ఆన్‌లైన్‌లో పంపే డబ్బుతో పాటు హాలియా దాకా వెళ్లదు.

రోడ్డుకు అడ్డం వచ్చారన్న ఆరోపణ పూర్తిగా కొట్టివేయదగినది కాదు. కొందరు కుర్రవాళ్లు కబుర్లు చెప్పుకుంటూ ఇద్దరేసి, ముగ్గురేసి పక్కపక్కన తొక్కడం నేనూ చూశాను; వెనక లారీ హారన్ కొట్టినా కదలనివారికి వచ్చేసారి చోటివ్వకూడదు. వెనక ఎర్ర లైటు, తలకు హెల్మెట్ లేనివారిని బయల్దేరే చోటే ఆపాలి. అయితే పెద్దవూర వైపు మేం రోడ్డు మధ్యలోకి రావలసి రావడానికి కారణం వేరే ఉంది. కోతల కాలం కావడంతో దారి పొడవునా సగం రోడ్డు మీద వడ్లు ఆరబోసి, అంచున రాళ్లు పేర్చి ఉన్నాయి. రైతును తప్పుపట్టి లాభం లేదు. తేమ 17 శాతం మించితే కొనుగోలు కేంద్రంలో వడ్లు కొనరు, ఊళ్లో కల్లాలు చాలవు, ఇక ఆయనకు మిగిలింది తారురోడ్డే. తప్పు తేదీ నిర్ణయించినవారిది. వడ్లు ఇళ్లకో మిల్లులకో చేరి, ఎండలు ముదరకముందు, అంటే సంక్రాంతి దాటిన తర్వాత యాత్ర పెట్టుకుంటే ఎవరికీ ఇబ్బంది ఉండదు.

ఇక లెక్కల సంగతి. ఆ పాఠకుడు రోడ్డు గురించి రాసినంత వివరంగా దీని గురించి రాయలేదు గానీ, నిజంగా నిలదీయవలసింది ఇక్కడే. నోటిమాటగా ఒప్పుకున్న డబ్బు రేపు, మాపు అంటూ జారిపోతుందని మా వృత్తిలో ఉన్నవారికి ఒకరు చెప్పనక్కరలేదు; తిరిగి వచ్చిన వారం లోపల వసూలు చేయనిది తర్వాత రాదు. వసూలైనది కూడా నగదుగా చేతులు మారకుండా నేరుగా సంస్థ ఖాతాలో పడాలి. 2,000 రూపాయలకు మించి నగదుగా ఇచ్చిన విరాళానికి ఎలాగూ ఆదాయపు పన్ను మినహాయింపు వర్తించదు. ప్రతి దాతకూ రసీదు అందాలి, పంచరు వేసినాయన పేరుతో సహా. ఎంత ఒప్పుకున్నారు, ఎంత వచ్చింది, యాత్ర ఏర్పాట్లకు ఎంత పోయింది, మందులకు ఎంత ఇచ్చారు, రక్తం ఇస్తామన్నవారిలో ఎందరు ఇచ్చారు అన్నవి నెల లోపు పత్రికల్లో ప్రకటించాలని నిర్వాహకులను కోరుతున్నాను. ఇంతవరకు అలాంటి ప్రకటన రాలేదు. ఫ్లెక్సీలు మాత్రం ఇంకా కూడళ్లలో వేలాడుతున్నాయి.

వచ్చే యాత్రకు లెక్కలు తనిఖీ చేయడానికి, నిర్వాహకులతో సంబంధం లేని ఇద్దరు ముగ్గురు పట్టణవాసులను ముందుగానే నియమించడం మంచిది. లేఖ రాసిన పాఠకుడు ఒప్పుకుంటే మొదటి పేరుగా ఆయనను నేనే ప్రతిపాదిస్తాను. ఆయన సైకిల్ తొక్కనవసరం లేదు.

ఇట్లు,
ఒక బ్యాంకు ఉద్యోగి,
నల్లగొండ.