కేంద్ర రవాణా మంత్రి గారికి బహిరంగ లేఖ: బైకు ముందు అద్దానికీ ఒక ప్రమాణం కావాలి

కేంద్ర రోడ్డు రవాణా, రహదారుల శాఖ మంత్రి గారికి,

నమస్కారం. నేను గుంటూరులో ఇరవై రెండేళ్లుగా మోటార్‌సైకిల్ మెకానిక్‌గా పనిచేస్తున్నాను. ఒక వస్తువును ఎదురుగా పెట్టుకుని ఈ ఉత్తరం రాస్తున్నాను. జానెడు పొడవున్న ఇనుప రాడ్డు. ఒక కొసన హ్యాండిల్‌ను పట్టుకునే క్లాంపు, రెండో కొసన బోల్టు. ఆ బోల్టు నట్టు దాటి అంగుళం మేర బయటికి పొడుచుకొచ్చి ఉంది. గాలి కొట్టకుండా బైకు ముందు పెట్టే అద్దాన్ని, అంటే విండ్‌షీల్డ్‌ను, బండికి పట్టి ఉంచే నాలుగు రాడ్లలో ఇది ఒకటి. దీన్ని బిగించింది నేనే.

ఆ బండి ప్రత్తిపాడు వైపు నుంచి రోజూ తెల్లవారకముందే గుంటూరుకు పాలు తెచ్చే ఒకాయనది. ధనుర్మాసం చలికి ఛాతీ పట్టేస్తోందని, ముందు అద్దం వేయమని అడిగాడు. అద్దంగా వాడే ప్లాస్టిక్ షీటు, రాడ్లు తానే కొని తెచ్చాడు. వాటి మీద తయారీదారు పేరు లేదు, ఏ ముద్రా లేదు, ఎలా బిగించాలో చెప్పే కాగితం ముక్క కూడా లేదు. గాలికి ఊగకూడదని, నా చేతిలో ఎంత బలం ఉందో అంతా పెట్టి బిగించాను. మూడు వారాలు తిరగకుండానే కుక్క అడ్డం వచ్చి బండి పడింది. పెద్ద వేగం కూడా కాదు. హెల్మెట్ ఉంది కనుక తల దక్కింది. కానీ మనిషి ముందుకు విసురుగా వెళ్లి అద్దం మీద పడ్డాడు. షీటు పైఅంచు గడ్డం కింద కోసింది. షీటు పగిలి ఊడిపోయాక మిగిలిన రాడ్డు పక్కటెముకను విరిచింది. మూడు నెలలు ఆయన పాలక్యాను ఎత్తలేకపోయాడు.

బండి నా షెడ్డుకు వచ్చినప్పుడు చూస్తే హ్యాండిల్ వంగిపోయింది, ఫోర్కు మెలి తిరిగింది. నాలుగు క్లాంపులు మాత్రం బిగించిన చోట బిగించినట్టే ఉన్నాయి. పని గట్టిగా చేశానని ఎన్నోసార్లు సంతోషపడినవాణ్ని, ఆ రోజు వాటిని విప్పుతుంటే చేతులు వణికాయి.

మంత్రి గారూ, ఎదురుగా దేన్నైనా గుద్దితే బండి ఆగుతుంది, మనిషి ఆగడు. సీటు మీద నుంచి ముందుకు, కొంచెం పైకి వెళతాడు. దారి అద్దం పైనుంచి కనిపించాలి కనుక దాని పైఅంచును ముక్కుకు కాస్త కిందగా అమరుస్తాం. అంటే ఆ అంచు సరిగ్గా గడ్డానికీ గొంతుకూ ఎదురుగా నిలబడుతుంది. అలాంటి అద్దం గాలికి నిలవాలి, మనిషి తగిలితే మాత్రం దారి వదలాలి. ఇదేమీ కొత్తగా కనిపెట్టాల్సిన విద్య కాదు. కంపెనీ అద్దంతో వచ్చే బైకులు చాలావాటిలో ఆ అద్దాన్ని నైలాన్ మరలు, రబ్బరు నట్లతో పట్టిస్తారు. గట్టి దెబ్బ తగిలితే మర తెగుతుంది, లేదా రబ్బరులోంచి జారిపోతుంది. బజారులో దొరికే సరుకులో అదే చోట ఇనుప బోల్టు ఉంటుంది.

షీటు సంగతీ అంతే. అక్రిలిక్ అయితే గట్టి దెబ్బకు పదునైన పెంకులుగా పగులుతుంది. పాలీకార్బొనేట్ మీద గీతలు తొందరగా పడతాయి గానీ అది వంగుతుంది, పగలడం అరుదు. కొనేవాడు చేత్తో పట్టుకుని చూస్తే రెండూ ఒకేలా ఉంటాయి. అమెరికాలో వాహనాల అద్దాలకు 205వ నంబరు భద్రతా ప్రమాణం ఉంది, బైకు అద్దం కూడా దాని కిందికే వస్తుంది, ఏ రకం షీటో తెలిపే గుర్తు దాని మీద ఉండాలి. మన దగ్గర 1989 నాటి కేంద్ర మోటారు వాహన నియమాల్లో 100వ నియమం కారు అద్దం భద్రతా ప్రమాణానికి తగినదై ఉండాలంటుంది. 126వ నియమం ప్రకారం కొత్త మోడల్ బండి పుణెలోని ఏఆర్ఏఐ వంటి సంస్థల పరీక్ష దాటాకే అమ్మకానికి వస్తుంది. అదే బండి షోరూం గడప దాటిన మర్నాడు దాని ముందు నాలుగు ఇనుప రాడ్లు మొలుస్తున్నాయి.

2022లో దేశంలో 1,68,491 మంది రోడ్డు ప్రమాదాల్లో చనిపోయారని, వారిలో 44 శాతానికి పైగా ద్విచక్ర వాహనదారులేనని మీ శాఖ నివేదికే చెప్పింది. హెల్మెట్ పెట్టుకోక చనిపోయినవారు 50,029 మంది అని కూడా అందులో ఉంది. పోలీసులు ప్రమాద వివరాల్లో హెల్మెట్ ఉందో లేదో రాస్తున్నారు కనుకే ఆ లెక్క తేలింది. బయట బిగించిన అద్దం, రాడ్డు, గార్డు ఎవరినైనా గాయపరిచాయా అన్నది కూడా, ప్రమాద వివరాలు ఎక్కించే ఈ-డార్ అనే ఆన్‌లైన్ వ్యవస్థలో నమోదు చేయించండి. ఒక్క గడి చాలు.

వీటిని నిషేధించమని నేను అడగడం లేదు. అద్దం వేయించుకునేవారు షోకు కోసం రారు. పాలవాళ్లు, పేపర్లు వేసేవాళ్లు, మిర్చి యార్డుకు చీకటితో వెళ్లే కూలీలు వస్తారు. సాయంత్రం పూట పురుగులు కళ్లలో పడి బండి అదుపు తప్పినవాళ్లు వస్తారు. గాలిపటాలకు కట్టే సింథటిక్ మాంజాను జాతీయ హరిత ట్రిబ్యునల్ 2017లోనే నిషేధించినా, 2024 సంక్రాంతి ముందు హైదరాబాద్ లంగర్‌హౌజ్ ఫ్లైఓవర్ మీద బైకుపై వెళుతున్న ఒక సైనికుడు ఆ దారానికి గొంతు తెగి చనిపోయాడు. ఆ భయంతో వచ్చేవాళ్లూ ఉన్నారు. నిషేధం పెడితే చలానా పడేది వీళ్లకే.

హెల్మెట్ విషయంలో మీ శాఖ సరైన పనే చేసింది. 2020లో నాణ్యతా నియంత్రణ ఉత్తర్వు ఇచ్చి, 2021 జూన్ 1 నుంచి ఐఎస్ఐ గుర్తు లేని హెల్మెట్ అమ్మకూడదన్నారు. బైకు అద్దానికీ, దాన్ని పట్టే రాడ్లకూ అలాంటి ఉత్తర్వే ఇవ్వండి. అంచు గుండ్రంగా ఉండాలి, బోల్టు కొస బయటికి రాకూడదు, మనిషి తగిలితే ఊడిపోయే మర ఉండాలి, బిగించే విధానం తెలుగులోనూ రాసి పెట్టెలో పెట్టాలి.

ఇప్పుడు నేను ఇనుప బోల్టు తీసేసి నైలాన్ మర వేస్తున్నాను, కొసలు కోసి రబ్బరు టోపీలు తొడుగుతున్నాను. ఆ మర ఎంత లావుండాలో, ఎంత దెబ్బకు తెగాలో నా అంచనాతోనే నిర్ణయిస్తున్నాను. పరీక్షించి చెప్పగల యంత్రాలు మీ చేతిలో ఉన్నాయి. మళ్లీ చలికాలం వస్తోంది. ఆ పాలాయన మొన్న షెడ్డుకు వచ్చి, ఈసారి ఏ అద్దం కొనమంటావని అడిగాడు. ఇంకా జవాబు చెప్పలేదు.

ఇట్లు,
గుంటూరు నుంచి ఒక మోటార్‌సైకిల్ మెకానిక్