లైసెన్సు పోయిందని మేము తొందరపడి చెప్పిన మాట గురించి

మా దుకాణం గోడ మీద రెండేళ్లుగా అంటించి ఉన్న ఒక కాగితాన్ని నిన్న నేనే చించివేశాను. “యాక్టివేట్ విండోస్ అని వస్తే కొత్త లైసెన్సు, ఫార్మాట్ తప్పనిసరి” అని దాని మీద రాసి ఉండేది. ఆ రాత నాదే, అందులోని పొరపాటూ నాదే. పర్లాకిమిడిలోని మా దుకాణాన్ని నమ్మి కాశీనగర్ నుంచి, గుణుపురం నుంచి, సరిహద్దు అవతల పాతపట్నం నుంచి సీపీయూలను రైల్లో ఒళ్లో పెట్టుకుని తెచ్చే మీ అందరికీ ఆ పొరపాటు ఏమిటో, దానివల్ల ఎవరికి ఎంత నష్టం జరిగిందో, ఇకపై మేము పని ఎలా చేస్తామో చెప్పవలసి ఉంది.

పాతపట్నంలో పెళ్లి కార్డులు, కరపత్రాలు వేసే ఒక డీటీపీ యజమాని గత పెళ్లిళ్ల కాలంలో తన సిస్టమ్ తీసుకువచ్చారు. తెర కుడివైపు అడుగున విండోస్‌ను యాక్టివేట్ చేయమనే అక్షరాలు కనిపిస్తున్నాయి, సెట్టింగ్స్ తెరిస్తే లైసెన్సును నిర్ధారించలేకపోతున్నామనే సందేశం వస్తోంది. నేను పది నిమిషాలు కూడా చూడకుండా విండోస్ లైసెన్సు కీ చెల్లకుండా పోయిందని తేల్చి, కొత్త లైసెన్సు అమ్మి, ఫార్మాట్ చేసి ఇచ్చాను. డి డ్రైవ్‌లోని ఫైళ్లు భద్రంగానే ఉన్నాయి కానీ, తెలుగుకు అను ఫాంట్లు, ఒడియాకు ఆకృతి, వాటి కోసం ఏళ్ల తరబడి సర్దుకున్న కీబోర్డు అమరికలు, డెస్క్‌టాప్ మీద సగంలో ఉన్న నాలుగు కార్డులు అన్నీ తుడిచిపెట్టుకుపోయాయి. మూడు వారాలు తిరగకముందే అదే సందేశం మళ్లీ వచ్చింది. అప్పుడు హార్డ్ డిస్కు ఆరోగ్యాన్ని పరీక్షించి చూస్తే పాడైన సెక్టార్ల (డిస్కులో సమాచారం రాసే చిన్న చిన్న గడుల) సంఖ్య పెరుగుతూ కనిపించింది. మొదటి రోజే ఆ పరీక్ష చేసి ఉంటే అయిదు నిమిషాల్లో తెలిసేది. ఆ సిస్టమ్ మదర్‌బోర్డులో కంపెనీ వేసిన అసలు కీ మొదటి నుంచీ భద్రంగానే ఉంది. నేను అమ్మిన లైసెన్సు ఆయనకు అసలు అవసరమే లేదు.

లైసెన్సు అంటే ఇరవై అయిదు అక్షరాల కీ మాత్రమేనని చాలామంది అనుకుంటారు, ఈ పనిలో ఉన్న నేను కూడా అలాగే ప్రవర్తించాను. 2012లో విండోస్ 8 వచ్చినప్పటి నుంచి కంపెనీ బిగించి అమ్మే మిషన్లలో ఆ కీని మదర్‌బోర్డు మీది చిప్‌లోనే ఉంచుతున్నారు. విండోస్ 10 నుంచి మదర్‌బోర్డు గుర్తింపుతో ముడిపడిన డిజిటల్ లైసెన్సు మైక్రోసాఫ్ట్ సర్వర్లలో కూడా నమోదై ఉంటుంది. అందువల్ల హార్డ్ డిస్కు పూర్తిగా చెడిపోయినా ఆ హక్కు చెడదు. అయితే ఆ హక్కును రోజూ చదివి సరిచూసుకునే పని సాఫ్ట్‌వేర్ ప్రొటెక్షన్ అనే ఒక సర్వీసుది, అంటే తెర వెనుక నడిచే ఒక ప్రోగ్రాముది. అది టోకెన్స్ అనే ఫైలులో దాచుకున్న వివరాలను, లైసెన్సు పత్రాల వంటి మరికొన్ని ఫైళ్లను తెరిచి, వాటి మీది డిజిటల్ సంతకాలు, అంటే ఫైలు మారలేదని చెప్పే గుర్తులు, సరిపోతున్నాయో లేదో చూసుకుంటుంది. వాటిలో ఏ ఒక్కటి సగం రాసి ఆగిపోయినా, పాడైన సెక్టారులో చిక్కుకున్నా, సర్వీసు లేవదు, లేదా లేచి నమ్మకం కుదరక లైసెన్సు లేదనే చెబుతుంది. రేషను కార్డు వానకు తడిసి అంకెలు చెరిగిపోతే డీలరు బియ్యం ఇవ్వడు, కానీ ఆ కుటుంబం పేరు జాబితాలో అలాగే ఉంటుంది కదా, ఇదీ అటువంటిదే. విండోస్ 7లో అయితే ఈ విషయాన్ని మిషనే చెప్పేది: నల్లబడిన తెర మీద ఈ కాపీ అసలైనది కాదని రాసినా, లోపలి కోడ్ సీ004డీ401 అని ఉంటే దాని అర్థం సిస్టమ్ ఫైళ్లు సరిపోలడం లేదని. దాన్ని చదివే ఓపిక మాకే ఉండేది కాదు.

ఫైళ్లు ఎందుకు పాడవుతాయని అడిగితే, మన ప్రాంతంలో మొదటి కారణం కరెంటు. ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం పూట గాలివాన లేచిందంటే కరెంటు పోవడం, రావడం, వెంటనే మళ్లీ పోవడం ఒక గంటలో ఎన్నిసార్లు జరుగుతుందో మీకు నేను చెప్పనక్కరలేదు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటి గజపతి జిల్లాను ముంచెత్తిన తరువాతి వారాల్లో మా బల్ల మీదికి వచ్చిన సిస్టమ్‌లలో ఎక్కువ భాగం తడిసినవి కావు, జనరేటరు మీద ఆగుతూ నడుస్తూ దెబ్బతిన్నవి. విండోస్ వాడే ఎన్‌టీఎఫ్‌ఎస్ ఫైలు వ్యవస్థ చేయబోయే మార్పులను ముందుగా రాసుకునే తన జర్నల్ సహాయంతో ఫోల్డర్ల అమరికను కాపాడుకుంటుంది కానీ, కరెంటు పోయిన క్షణంలో రాస్తున్న ఫైలు లోపలి సమాచారానికి అది హామీ ఇవ్వదు. అందుకే సిస్టమ్ మామూలుగా తెరుచుకుంటుంది, డీటీపీకి వాడే పేజ్‌మేకర్ నడుస్తుంది, లైసెన్సు మాత్రం కనబడదు. అప్‌డేట్ ఎక్కుతున్నప్పుడు కరెంటు పోతే నష్టం మరీ ఎక్కువ. యూపీఎస్ ఉంది కదా అనేవారికి ఒక మాట: చిన్న యూపీఎస్‌లలో ఉండే పన్నెండు వోల్టుల బ్యాటరీ రెండు మూడేళ్లకే చచ్చిపోతుంది, పచ్చ దీపం మాత్రం వెలుగుతూనే ఉంటుంది. నెలకొకసారి పని లేనప్పుడు గోడ స్విచ్ ఆపి చూడండి.

ఇక మేము చేసిన రెండో తప్పు సాంకేతికమైనది. పాడైన ఫైళ్లను సరిచేయడానికి విండోస్‌లోనే ఎస్‌ఎఫ్‌సీ అనే సాధనం ఉంది. దాన్ని స్కాన్‌నౌ ఆదేశంతో నడిపితే, చెడిన ఫైలు స్థానంలో తన దగ్గర దాచి ఉంచిన మంచి నకలును పెడుతుంది. మా కుర్రవాళ్లు దాన్ని నడిపేవారు, పాడైన ఫైళ్లు దొరికాయి కానీ కొన్నింటిని సరిచేయలేకపోయామని అది చివర్లో చెప్పేది, అంతటితో మేము ఫార్మాట్‌కు సిద్ధమయ్యేవాళ్లం. ఆ సందేశానికి అసలు అర్థం నకళ్లు దాచిన గిడ్డంగి కూడా దెబ్బతిన్నదని. ముందు ఆ గిడ్డంగిని బాగుచేయాలి, దానికి డిజమ్ అనే వేరే సాధనం ఉంది. దానికి రిస్టోర్‌హెల్త్ ఆదేశం ఇస్తే ఇంటర్నెట్ నుంచి గానీ, మనం చూపించిన విండోస్ ఇన్‌స్టలేషన్ ఫైలు నుంచి గానీ మంచి భాగాలు తెచ్చుకుంటుంది. ఆ తరువాత ఎస్‌ఎఫ్‌సీని మళ్లీ నడిపితే, మొదటిసారి చేతులెత్తేసిన పనినే చాలా సందర్భాల్లో పూర్తి చేస్తుంది. ఇంటర్నెట్ నెమ్మదిగా ఉన్న రోజుల్లో డిజమ్ మధ్యలో గంటసేపు కదలకుండా నిలిచిపోవడం చూసి మేము దాన్ని ఆపివేసేవాళ్లం. ఇప్పుడు విండోస్ 10, 11 వేర్వేరు వెర్షన్ల ఇన్‌స్టలేషన్ ఫైళ్లను పెన్‌డ్రైవ్‌లలో ఉంచుకున్నాం, ఎందుకంటే సిస్టమ్‌లో ఉన్న వెర్షనూ మనం చూపించే ఫైలూ ఒకటి కాకపోతే డిజమ్ ఒప్పుకోదు. విండోస్ 7లో ఈ రిస్టోర్‌హెల్త్ లేదు, అక్కడ మైక్రోసాఫ్ట్ విడిగా ఇచ్చిన అప్‌డేట్ రెడీనెస్ టూల్‌తోనే సరిపెట్టుకోవాలి.

ఇకపై మా బల్ల మీద వరుస ఇది. ముందుగా తేదీ, సమయం చూస్తాం, ఎందుకంటే మదర్‌బోర్డు మీది బిళ్ల బ్యాటరీ అయిపోయి తేదీ ఎన్నో ఏళ్లు వెనక్కి పోతే సర్వర్‌తో సురక్షిత సంబంధమే కుదరదు, అది చాలా తక్కువ ఖర్చుతో తీరిపోయే సమస్య. తరువాత హార్డ్ డిస్కు ఆరోగ్యం. అది అనుమానంగా ఉంటే ఏ మరమ్మతూ మొదలుపెట్టకుండా మీ ఫైళ్లను వేరే డిస్కుకు తీస్తాం, ఎందుకంటే చావుబతుకుల్లో ఉన్న డిస్కు మీద డిస్కు లోపాలను వెతికి సరిచేసే చెక్‌డిస్క్‌ను గంటల తరబడి నడిపితే మిగిలింది కూడా పోవచ్చు. డిస్కు బాగుందని తేలాకే చెక్‌డిస్క్, డిజమ్, ఎస్‌ఎఫ్‌సీ. అప్పటికీ సందేశం పోకపోతే లైసెన్సు సర్వీసును ఆపి, టోకెన్స్ ఫైలు పేరు మార్చి, కొత్తది తయారయ్యేలా చేసి, లైసెన్సు పత్రాలను తిరిగి ఎక్కిస్తాం. అదీ ఫలించకపోతే మీ ప్రోగ్రాములు, ఫాంట్లు కదలకుండా విండోస్‌ను దాని మీదనే తిరిగి ఎక్కించే పద్ధతి ఉంది. డీటీపీ చేసేవారికి ఇది వరం వంటిది, ఫార్మాట్ కంటే దీనికి పట్టే సమయం ఎక్కువ కాబట్టే మేము దీన్ని ఇంతకాలం చెప్పలేదు.

నిజంగా లైసెన్సుదే సమస్య అయిన సందర్భాలూ ఉన్నాయి. మదర్‌బోర్డు మార్చినప్పుడు, విండోస్ హోమ్ రకం కీ ఉన్న మిషన్‌లో ఎవరో ప్రొ రకం ఎక్కించినప్పుడు, ఇంటర్నెట్‌లో కొన్ని వందలకు కొన్న కీని తరువాత అవతలివారు రద్దు చేసినప్పుడు ఫైళ్లు ఎంత బాగుచేసినా ఉపయోగం ఉండదు. కొన్నేళ్ల క్రితం వరకు లైసెన్సు లేకపోయినా ఉన్నట్టు చూపించే యాక్టివేటర్ ప్రోగ్రాములు మా దుకాణంలో కూడా వేసేవాళ్లమని ఒప్పుకుంటున్నాను. వాటిలో కొన్ని సిస్టమ్ ఫైళ్లనే మార్చివేస్తాయి, కాబట్టి ఎస్‌ఎఫ్‌సీ వాటిని అసలు రూపానికి తెచ్చిన మరుక్షణం లైసెన్సు సందేశం తిరిగి వస్తుంది. అటువంటి సిస్టమ్‌ను చూస్తే ఉన్నది ఉన్నట్టు మీకు చెబుతాం, కొత్తగా ఎవరికీ వేయం. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మద్దతు ముగిసింది కనుక ఈ సందేశం వస్తోందని కొందరు అంటున్నారు, అది నిజం కాదు. మద్దతు ముగిస్తే భద్రతా అప్‌డేట్లు ఆగుతాయి కానీ లైసెన్సు ఆగదు.

గత రెండేళ్ల రసీదులు తిరగేసి చూశాను. ఈ సందేశం కారణంగా మేము కొత్త లైసెన్సు అమ్మినవి పదకొండు. వాటిలో మదర్‌బోర్డులోనే కీ ఉండే కంపెనీ మిషన్లు ఏడు అని మోడల్ పేర్లను బట్టి తెలుస్తోంది. ఆ ఏడుగురికీ నేనే ఫోన్ చేస్తాను. సిస్టమ్ ఒకసారి తెస్తే అందులోని కీని మీ ఎదుటే చదివి చూపిస్తాను, అది ఉన్నట్టయితే లైసెన్సు డబ్బు, ఫార్మాట్ కూలి రెండూ తిరిగి ఇస్తాను. మిగిలిన నలుగురిలో ఎవరికైనా అనుమానం ఉంటే వారూ రావచ్చు. రసీదు పోయిందని మానుకోవద్దు, నకలు పుస్తకం నా దగ్గర ఉంది. పాతపట్నం యజమానికి డబ్బుతో పాటు కొత్త డిస్కు కూడా మా ఖర్చుతోనే వేశాం, పోయిన నాలుగు కార్డులను మాత్రం ఆయనే రాత్రి కూర్చుని మళ్లీ కట్టుకున్నారు.

పరీక్షకు ఇకపై రెండు వందల రూపాయలు తీసుకుంటాం, మరమ్మతు మా దగ్గరే చేయిస్తే అది బిల్లులో తగ్గుతుంది. సిస్టమ్ కనీసం ఒక రోజు మా దగ్గర ఉండాలి, సాయంత్రం బండికే కావాలంటే ఈ పని కుదరదు. తెచ్చేటప్పుడు లాప్‌టాప్ అయితే చార్జరు, డెస్క్‌టాప్ అయితే మీ యూపీఎస్ కూడా తీసుకురండి, దాని బ్యాటరీని ఉచితంగా పరీక్షిస్తాం.